కాన్సాస్ సిటీలో నాలుగు నిమిషాలు

వోండ్రా పొలం, నెబ్రాస్కా
1970 మార్చి 6, శుక్రవారం

ఒరే వెర్లిన్,

ఈ ఉత్తరం డ్వేన్ చేతికిచ్చి పంపుతున్నాను. తెరిచి చదివితే చెవి మెలిపెడతానని వాడితో చెప్పాను. అయినా నమ్మకం లేక కవరుకి రెండుసార్లు జిగురు రాశాను. అట్టపెట్టెలో గసగసాలు పెట్టిన తీపి రొట్టెలు, కొలాచీలు, నాలుగు డజన్లున్నాయి. బస్సు ఊరు దాటకముందే నీ జట్టు రాక్షసులు ఊడ్చేయకుండా చూడు.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావేమో. మా ఒక్క ఫోన్ లైను మీదే ఎనిమిది ఇళ్ళున్నాయి. నేను హలో అనగానే ఏడు చోట్ల ఊపిరి పీల్చడం వినిపిస్తుంది. ఇది వాళ్ళు వినాల్సిన మాట కాదు.

మీ కాలేజీ మే నెలతో మూసేస్తారని చర్చి పెద్దలు తేల్చేశారట కదా. కాలేజీ లేకపోతే డ్వేన్ విద్యార్థి కాదు. విద్యార్థి కాకపోతే వాడు సైన్యం సొత్తు. డిసెంబరులో టీవీలో ఎవర్ని ముందు యుద్ధానికి పిలవాలో తేల్చడానికి గాజు కూజాలోంచి పుట్టినరోజుల చీటీలు తీస్తుంటే నేను ఇస్త్రీ చేస్తున్నాను. వాడి చీటీ ఇరవై మూడోది. ఆ చొక్కా ఇప్పటికీ ఉంది, వీపు మీద ఇస్త్రీపెట్టె అచ్చుతో సహా.

వాడి మార్కులు చూసి రెండు కాలేజీలు అప్పుడే తిప్పి పంపాయి. వాడికిక మిగిలింది ఆ బాస్కెట్‌బాల్ ఒక్కటే. ఈ పోటీలకి దేశంలోని చిన్న కాలేజీల కోచ్‌లంతా వస్తారని, నచ్చిన కుర్రాడికి అక్కడికక్కడే సీటిస్తారని నువ్వే చెప్పావు. మరి వాళ్ళు చూడాలంటే వాడు కోర్టులో ఉండాలి కదరా, బెంచీ మీద కాదు.

లోవెల్ ఇప్పుడు ఇంటి నుంచి కొట్టం దాకా ఒక్కడే వెళ్తున్నాడు. నేను కట్టిన తాడు పట్టుకుని నలభై రెండు అడుగులు లెక్కపెడతాడు. ఒక కొడుకుని రెండు కళ్ళతో పంపాను, కళ్ళు లేకుండా తిరిగిచ్చారు. రెండో వాణ్ణి పంపలేను. గెలవకపోయినా ఫర్వాలేదు, వాణ్ణి ఆడించు.

మీ అక్క,
లియోటా

*

కాన్సాస్ సిటీ
మార్చి 8, ఆదివారం

అక్కా,

కొలాచీలు కాలేజీ గేటు కూడా దాటలేదు. ఒకటి నాకోసం దాచానన్నాడు డ్వేన్. దాని మీద వాడి పంటిగాట్లున్నాయి.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అక్కా, నాకున్నది తొమ్మిది మంది. అందులో నలుగురి చీటీలు చిన్న నంబర్లే. మన డ్వేన్ ఒకడు. రోస్కో మేబెన్ అని ఒమాహా కుర్రాడు, వాడిది నలభై ఒకటి. వాళ్ళమ్మ మాంసం ఫ్యాక్టరీలో కోత పని చేస్తుంది. కుడిచేతి వేళ్ళు రెండు వంగవు. వాడి కింద ముగ్గురు చెల్లెళ్ళు. మిగిలిన ఇద్దరు మన జిల్లా రైతుల పిల్లలే, వాళ్ళ అమ్మలు కూడా నాకు ఉత్తరాలు రాశారు. నాకిప్పుడు నలుగురు మేనల్లుళ్ళనుకో.

డ్వేన్ చేతులు బంగారం. పాదాలే కాస్త ఆలస్యంగా కదులుతాయి. జట్టులో వాడిది ఎనిమిదో స్థానం, ఇది నేను మామగా కాదు, కోచ్‌గా చెబుతున్నాను. రోస్కోది మొదటి స్థానం. వాళ్ళిద్దరూ ఒకే గదిలో ఉంటున్నారు. రోస్కో వాణ్ణి మంచాల మధ్య నిలబెట్టి అడుగులు నేర్పిస్తుంటే కింది గదివాళ్ళు చీపురుకర్రతో పైకప్పు పొడిచారు.

ఇక్కడ ముప్పై రెండు జట్లు. ఒక్కసారి ఓడితే ఇంటికే. రేపు ఉదయం పదకొండింటికి మాది. నోటు పుస్తకాలు పట్టుకున్న కోచ్‌లు మూడో వరుసలో కూర్చుంటారు. మేం ఎన్ని ఆటలు గెలిస్తే వాళ్ళు మావాళ్ళని అన్నిసార్లు చూస్తారు. అందుకే గెలవాలి. వీలున్నప్పుడు డ్వేన్‌ని తప్పకుండా దింపుతాను. మాటిస్తున్నాను.

లోవెల్‌కి నా ముద్దులు. రేడియో మీటని అటూ ఇటూ తిప్పొద్దని చెప్పు, స్టేషన్ జారిపోతుంది.

నీ తమ్ముడు,
వెర్లిన్

*

పొలం
మార్చి 10, మంగళవారం

వెర్లిన్,

నిన్న మీ ఆట విన్నాం. రెండు పాయింట్లతో గెలిచారు. సంతోషం. ఆ రేడియో మనిషి నీ పేరు పదకొండు సార్లు చెప్పాడు, ఆ మేబెన్ పేరయితే లెక్కే లేదు. నా కొడుకు పేరు ఒక్కసారి కూడా రాలేదు.

లోవెల్ రేడియోకి చెవి ఆనించి కూర్చున్నాడు. అంతా అయిపోయాక నావైపు తిరిగి, "అమ్మా, తమ్ముడి పేరు చెప్పారా? నా చెవులు కూడా పోతున్నాయేమో" అన్నాడు.

నేనేం చెప్పనురా? చెప్పు. నువ్వే చెప్పు.

ఈ మాట ఎత్తకూడదనుకున్నాను, ఎత్తుతున్నాను. అమ్మ పోయినప్పుడు నీకు నాలుగేళ్ళు, నాకు పన్నెండు. నీ జ్వరాలకి మేల్కొన్నది నేను. నువ్వు బడి అయ్యాక బంతాడుకోవడానికి ఉండిపోతే నీ వంతు ఆవుల్ని కూడా పితికింది నేను. నాన్న అడిగితే నువ్వే పితికావని అబద్ధం చెప్పింది నేను. ఇన్నేళ్ళలో నిన్ను ఒక్కటీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

రాత్రి ఈనిన దూడ చెవులు గడ్డకట్టాయి. పొయ్యి దగ్గర పెట్టి రుద్దుతూ రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే అర్థం చేసుకో. ఒక్కటి మాత్రం సరిగా అర్థం చేసుకో. వాడు పోతే నేను బతకను.

లియోటా

*

కాన్సాస్ సిటీ
మార్చి 11, బుధవారం

అక్కా, అక్కా,

విన్నావా! విన్నారా ఇద్దరూ! రెండో ఆట కూడా గెలిచాం. ఈసారి తొమ్మిది పాయింట్లు. అంతకన్నా పెద్ద కబురు, మన డ్వేన్ మూడు నిమిషాలు ఆడాడు, రెండు బుట్టలు వేశాడు. రెండోది వెనక్కి వాలి, ఇద్దరి మీంచి వేశాడు. ఆ అడుగు రోస్కో నేర్పిందే. పక్కన రోస్కో కుర్చీ ఎక్కి గెంతాడు. విరిగితే కట్టాల్సింది నువ్వేనని అరిచాను.

ఇంకాసేపు ఉంచేవాణ్ణే. అవతలివాడి మోచెయ్యి తగిలి మనవాడి ముక్కు వాచింది, రక్తం. తల వంచి ముక్కు నొక్కుకుని బయటికొచ్చాడు. కంగారు పడకు, విరగలేదు. ఇప్పుడు అద్దంలో చూసుకుని మురిసిపోతున్నాడు.

మినసోటా కోచ్ ఒకాయన, హాల్వర్ నైగార్డ్ అని, గుమ్మం దగ్గర నన్ను పట్టుకుని ఇద్దరి గురించీ అడిగాడు. మేబెన్ గురించి, "ఆ పొడుగాటి రైతు కుర్రాడి" గురించి. ఇద్దరి గురించీ అడిగాడక్కా! రేపు మూడో ఆట. ఈ వారంలో మొదటిసారి కడుపునిండా తిన్నాను.

వెర్లిన్

*

పొలం
మార్చి 12, గురువారం

వెర్లిన్ కుబిక్ గారికి,

మీ ఆదివారం ఉత్తరం అందింది. నలుగురు మేనల్లుళ్ళట! ఆ నలుగురిలో నేను కన్నది ఒక్కణ్ణే కదరా. "వీలున్నప్పుడు" అట! పనివాడు జీతం పెంచమంటే యజమాని చెప్పే మాట అది.

నిన్న తుఫానుకి రేడియోలో బరబర తప్ప ఏమీ రాలేదు. మీట కూడా కదపకుండా లోవెల్ గంటన్నర అక్కడే కూర్చున్నాడు. సాయంత్రం లైను మీద పెల్‌స్టర్ వాళ్ళ ఆవిడ చెప్పింది. వాళ్ళ మరిది అక్కడే ఉన్నాడట, చూశాడట. "మీవాణ్ణి దింపిన మూడు నిమిషాలకే లాగేశారమ్మా, పాపం తల వంచుకుని వచ్చాడు" అంది. ఏడు ఇళ్ళు విన్నాయి. ఆ కోచ్‌లందరూ చూస్తుండగా వాడికి తలవంపులు తెచ్చి, అదే నాకిచ్చిన మాట నిలబెట్టుకోవడమనుకున్నావా? దానికన్నా బెంచీ మీదే ఉంచాల్సింది.

సైన్యంవాళ్ళు నా కొడుకుని యుద్ధానికి తీసుకుపోతే మాత్రం మళ్ళీ నా గుమ్మం తొక్కకు.

లియోటా వోండ్రా

*

కాన్సాస్ సిటీ
మార్చి 13, శుక్రవారం

అక్కా,

అంతా అయిపోయింది. రేడియోలో విన్నదాని వెనక ఏం జరిగిందో నీకు తెలియాలి.

నీ మంగళవారం ఉత్తరం నిన్న మధ్యాహ్నం హోటల్ గుమాస్తా ఇచ్చాడు. లోవెల్ చెవుల మాట చదివాను. ఆవుల మాట చదివాను. చదివి మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకుని ఆటకి వెళ్ళాను. అలా వెళ్ళకుండా ఉండాల్సింది.

నాలుగు నిమిషాలుండగా మేం ఆరు పాయింట్లు ముందున్నాం. టెక్సాస్ జట్టు అలిసిపోయింది. రోస్కో బంతి పట్టుకుంటే వాళ్ళు దగ్గరికే రాలేకపోతున్నారు. నేను లేచి నిలబడి రోస్కోని బయటికి పిలిచాను. డ్వేన్‌ని దింపాను.

రోస్కో నా ముందు ఆగి, "కోచ్, నేనేమన్నా తప్పు చేశానా?" అన్నాడు. "కూర్చో" అన్నాను. అంతే.

డ్వేన్ చేతిలోంచి బంతి రెండుసార్లు లాక్కున్నారు. ఒక ఫౌల్ చేశాడు. వాడి తప్పు కాదక్కా, అలాంటి నిమిషాల్లో ఆడే అలవాటు వాడికెక్కడిది? రోస్కోని మళ్ళీ పంపడానికి నేను రెండుసార్లు లేచాను. రెండుసార్లూ జేబులో కాగితం గరగరలాడింది, కూర్చున్నాను. ఒక్క పాయింటుతో పోయింది. విజిల్ పడ్డాక రోస్కో తువ్వాలు నెత్తిమీద కప్పుకుని కూర్చుండిపోయాడు. డ్వేన్ నా దగ్గరికొచ్చి, "మామయ్యా, నన్నెందుకు దింపావు?" అన్నాడు. "మామయ్యా, నన్నెందుకు దింపావు?" అని మళ్ళీ అడిగాడు, నేను విననట్టు.

ఈ ఉదయం నేను ఫలహారం చేస్తుంటే నైగార్డ్ వచ్చి ఎదుట కూర్చున్నాడు. తన దగ్గర ఒకటే సీటుందన్నాడు. "మేబెన్ గట్టివాడు. కానీ ఆరు పాయింట్లు ముందుండి, ఇంకా నాలుగు నిమిషాలుండగా మీరు వాణ్ణి తీసేశారంటే ఏదో ఉండే ఉంటుంది. తలబిరుసా? జబ్బా? ఏదైనా ఉంటే చెప్పండి. అలాగైతే మీ పొడుగాటి కుర్రాణ్ణే తీసుకుంటాను, అడుగులు నేర్పుకోవచ్చు" అన్నాడు.

రోస్కోలో ఏ లోపమూ లేదని, వాణ్ణి తీసేసింది నా మేనల్లుడి కోసమేనని ఆయనకి తెలిసింది. సీటు రోస్కోకిచ్చాడు. ఆ మాట చెప్పింది నేనే. తిట్టాలంటే నన్నే తిట్టు, డ్వేన్‌ని ఒక్క మాటా అనకు. నీకు మరేమీ ఇవ్వలేకపోయాను.

వెర్లిన్

*

పొలం
మార్చి 17

నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు అందాయి. ముక్కు సంగతి రాసినది, ఆ రెండోది. మొదటిది చదివి పెల్‌స్టర్ ఆవిడ మాట నమ్మి నిన్ను అన్నందుకు సిగ్గుపడ్డాను. క్షమించమని రాద్దామని కాగితం కూడా తీశాను. తర్వాత రెండోది తెరిచాను.

నోరు మూసుకుని ఉంటే చాలు కదరా. ఒక్క నిమిషం. కాఫీ తాగుతున్నట్టు కప్పు నోటి దగ్గర పెట్టుకుంటే సరిపోయేది. నా కొడుకు బతుకు నీ నాలుక మీద ఉంటే ఉమ్మేశావు.

మళ్ళీ రాయకు. నాకు తమ్ముడు లేడు.

*

1970 మే 24

అక్కా,

రాయొద్దన్నావు. ఇది నాలుగో ఉత్తరం. మొదటి మూడూ పొయ్యిలోకి వెళ్ళాయని డ్వేన్ చెప్పాడు. ఇది కూడా అటే వెళ్తే వెళ్ళనీ, రాసేటప్పుడైనా నీతో మాట్లాడినట్టుంటుంది.

నిన్నటితో కాలేజీ మూసేశారు. చివరి పట్టాలు పద్దెనిమిది మందికిచ్చారు. ప్రార్థన అయ్యాక పాస్టర్ దీపాలార్పి, అలవాటుగా సోమవారం కలుద్దాం అనేశాడు. ఎవరూ నవ్వలేదు. నేను ధాన్యం గిడ్డంగిలో లారీలు తూచే పనిలో చేరాను. అక్కడ నన్నెవరూ కోచ్ అనరు, అది హాయిగానే ఉంది.

డ్వేన్ కోసం పదకొండు కాలేజీలకి రాశాను. రెండు చోట్లకి బస్సులో వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ఒకాయన, "టెక్సాస్ ఆటలో బంతి పోగొట్టుకున్నది ఆ కుర్రాడే కదూ?" అని అడిగాడు. అక్కా, వాళ్ళు వాణ్ణి చూడాలని కదా నువ్వు కోరుకున్నది. చూశారు.

మిగిలిన రైతు పిల్లల్లో ఒకడు తన ఖర్చుతోనే ఇంకో కాలేజీలో చేరాడు. ఇంకొకడు గత వారం సైన్యానికి వెళ్ళాడు. వాళ్ళమ్మ బజార్లో ఎదురైతే నేనే పక్క సందులోకి తప్పుకున్నాను.

డ్వేన్‌కి సైన్యం నుంచి వైద్య పరీక్ష కాగితం వచ్చిందట. ఆ రోజు వాడితో నేను వెళ్ళనా? నువ్వు ఊ అంటే వస్తాను. నీతో చెప్పాల్సిన మాట ఒకటుంది. చెప్పనని ఒకరికి మాటిచ్చాను, చెప్పలేను.

తమ్ముడు కాకపోయినా,
వెర్లిన్

*

పొలం
1970 ఆగస్టు 19

వెర్లిన్,

సోమవారం డ్వేన్ వెళ్ళిపోయాడు. ముందు లూసియానాలో శిక్షణ అంటున్నారు. తర్వాత ఎక్కడికో నన్ను రాయమని అడక్కు.

ఆ ఉదయం వాడు పాలు పితుకుతూ, నావైపు చూడకుండా చెప్పాడు. "అమ్మా, మామయ్య కాదు. నేనే చెప్పాను" అన్నాడు. ఏంట్రా అన్నాను. "కాన్సాస్ సిటీలో. ఆ మినసోటా ఆయన అడిగితే మామయ్య నోరు తెరవలేదు. కప్పు చేత్తో పట్టుకుని దాంట్లోకే చూస్తూ కూర్చున్నాడు. నేను పక్క బల్ల దగ్గర ఉన్నాను. ఎంతసేపు చూసినా తెరవలేదు. లేచి వెళ్ళి, రోస్కోకి ఏ లోపం లేదు సార్, మా మామయ్య నాకోసం వాణ్ణి తీసేశాడు అని నేనే చెప్పాను. తనే చెప్పినట్టు నీకు రాయమని మామయ్యని నేనే బతిమాలాను" అన్నాడు.

నా బకెట్ నిండేదాకా ఆగి, లేచి వాణ్ణి చెంపమీద కొట్టాను. ఇరవై ఏళ్ళవాణ్ణి, సైన్యానికి పోయే రోజున. వాడు, "ఇంకోటి కూడా కొట్టమ్మా, బస్సుకి టైముంది" అన్నాడు. ఆవు తన్ని పాలు ఒలికించింది.

ఐదు నెలలుగా నిన్ను తిట్టని పూట లేదు. నువ్వు చేసింది నేను అడిగిందే. నోరు మూసుకుని ఉంటే చాలని రాశాను. ఉన్నావు. నాకోసం ఇంకొకరి బిడ్డని ముంచడానికి కూడా కూర్చున్నావు. ఆ మంగళవారం ఉత్తరం నేను రాయకపోతే నువ్వు రోస్కోని తీసేవాడివే కాదు. బహుశా ఇంకా రెండు ఆటలు గెలిచేవాళ్ళు. బహుశా అందరికీ సీట్లు దొరికేవి. ఇది ఎటు తిప్పి చూసినా నా చేతిరాతే కనిపిస్తోంది. డ్వేన్ చేసింది మంచిపనని నాకు తెలుసు. పాస్టర్ చెప్పక్కర్లేదు. కానీ వాడు అంత మంచివాడు కాకుండా ఉంటే బాగుండేదని అనుకుంటున్నాను. తల్లి అనుకోవాల్సిన మాటేనా ఇది?

కోర్టు భవనం ముందు బస్సు. పదిమంది కుర్రాళ్ళు. అక్కడికి ఒమాహా నుంచి రాత్రంతా ప్రయాణం చేసి ఆ రోస్కో వచ్చాడు. మన ఊళ్ళో నల్లజాతి కుర్రాణ్ణి చూసి జనం జరిగి నిలబడ్డారు. వాడూ డ్వేనూ ఒకడి భుజం ఇంకొకడు గుద్దుకున్నారు, గట్టిగా, నొప్పి పుట్టేలా. బస్సు కదిలింది. కదిలాక రోస్కో నా దగ్గరికొచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. కళ్ళెత్తలేదు. "అమ్మా, నా పేరు..." అన్నాడు. "తెలుసు" అన్నాను.

వాడి ముఖం చూడకూడదని ఐదు నెలల కిందటే ఒట్టు పెట్టుకున్నాను. చూశాను. చిన్నపిల్లాడురా వెర్లిన్. గడ్డం కూడా సరిగా రాలేదు. వాడి తిరుగు బస్సు సాయంత్రానికి గాని లేదు. ఇంటికి తీసుకొచ్చాను. పంది మాంసం, ఉడికించిన పిండి డంప్లింగులు పెట్టాను. డ్వేన్ కుర్చీ ఒకటే ఖాళీగా ఉంది, అందులోనే కూర్చున్నాడు. వాడు తిన్న ప్రతి ముద్దకీ నాకు కడుపు మండింది. నీ దగ్గర దాచడమెందుకు. అయినా రెండోసారి వడ్డించాను.

లోవెల్ వాడి చెయ్యి తడిమి చూసి, "నువ్వేనా మా తమ్ముడికి అడుగులు నేర్పింది?" అన్నాడు. వాడు ఔనన్నాడు. అన్నాక చెంచా కింద పెట్టి ఏడ్చాడు. లోవెల్‌కి కనిపించదు కదా, "ఏమైంది, కారం ఎక్కువైందా?" అని అడిగాడు.

"సీటు వదిలేస్తానమ్మా, నేను కూడా వెళ్ళి సైన్యంలో పేరు రాయించుకుంటాను. వాడు అక్కడుంటే నేను బంతి ఎలా ఆడను?" అన్నాడు రోస్కో. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, వెళ్ళు అనాలనిపించింది. వాళ్ళమ్మ వంగని వేళ్ళు గుర్తొచ్చాయి. ఆమెని నేను చూడనే లేదు.

బస్సు దగ్గర దింపేటప్పుడు వాడి కాలరు పట్టుకుని చెప్పాను. "ఒరే, నువ్వు ఆ చదువు మానేశావని తెలిసిందో, నేనే మినసోటా వచ్చి నీ కాళ్ళు రెండూ విరగ్గొడతాను. నీకోసం నా కొడుకు వెళ్ళాడు" అన్నాను. వాడు నవ్వలేదు. "సరేనమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చి వాడి కంచం కడగలేక అలాగే ఉంచాను. నువ్వు ఆదివారం దాకా ఆగకు. ఈ ఉత్తరం అందిన రోజే రా.

అక్క